బంద్ చేయని ఇంజను

నేను ఒక షంటింగ్ ఇంజనును. ఊరినుంచి ఊరికి బండి లాక్కుపోయే పని నాది కాదు. వచ్చిన గూడ్సు బండిని విడదీయడం, ఖాళీ వ్యాగన్లను లోడింగు లైనులోకి తోయడం, నిండినవాటిని బయటికి లాగి వరుస కట్టడం నా పని. పుట్టి పదమూడేళ్లయింది. ఇన్నేళ్లలో ఒక దిక్కుగా నాలుగు కిలోమీటర్లకు మించి ఎన్నడూ పోలేదు. పోయినంత దూరమూ వెనక్కి వచ్చాను.

నాకు రెండు తిండ్లు. నెత్తిమీద తీగ ఉన్నచోట కరెంటు తీసుకుంటాను. తీగ లేనిచోట కడుపులోని డీజిల్ మోటారు తిప్పుకుంటాను. కరెంటు అందుకోవడానికి నా పైకప్పు మీద మడత మంచంలా లేచి పడుకునే ఇనుప చట్రం ఒకటి ఉండేది. యార్డులో అందరూ దాన్ని పాంటో అనేవాళ్లు. పాంటో లేస్తే కరెంటు, దిగితే డీజిల్. నన్ను తయారుచేసినవాళ్లు అనుకున్నది అంతే. రెండింటినీ ఒకేసారి ఉంచే మనిషి ఉంటాడని వాళ్లకు తోచలేదు.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక కార్ఖానాలో. పూర్తిగా కొత్తదాన్ని కాను. కాలం తీరిన ఒక డీజిల్ ఇంజను అడుగు చట్రాన్నీ చక్రాలనూ తీసుకొని, వాటిమీద కరెంటు పెట్టె, చిన్న డీజిల్ మోటారు, ఎనిమిది బ్యాటరీలు అమర్చారు. ప్రారంభోత్సవం రోజున ఒక పెద్దాయన నా ముందు కొబ్బరికాయ కొట్టాడు. మూడో దెబ్బకు పగిలింది. ఫొటో మాత్రం మొదటి దెబ్బకే తీశారు.

మొదటి ఐదేళ్లు ఒక పెద్ద జంక్షన్ యార్డులో చేశాను. అక్కడ డ్రైవర్లు రెండు జాతులు. డీజిల్ నేర్చినవాళ్లు, కరెంటు నేర్చినవాళ్లు. డీజిల్ వాళ్లు నన్ను చూసి ఇది కరెంటుది అన్నారు. కరెంటు వాళ్లు ఇది డీజిలుది అన్నారు. ఎవరి వంతు వచ్చినా రెండోవాళ్లను పిలవండి అనేవాళ్లు. దానికి తోడు నా బ్యాటరీలు బలహీనం. చలికాలంలో మూడుసార్లు, తీగ దాటాక డీజిల్ మోటారు అంటుకోక పట్టాల మీద నిలబడిపోయాను. తప్పు నాదే. మూడోసారి తర్వాత నా ఫైలులో ‘అవసరాల దృష్ట్యా బదిలీ’ అని రాసి, గోదావరి పక్కనున్న మూడురాళ్లపల్లిలో వ్యాగన్లకు బొగ్గు నింపే సైడింగుకు పంపారు. మనుషుల ఫైళ్లలో కూడా అదే మాట రాస్తారని అక్కడికి పోయాక తెలిసింది.

అలా రాయించుకొని నాకు ముందే అక్కడికి వచ్చిన మనిషి దేవదానం. ఇరవై ఆరేళ్లు మెయిన్ లైనులో గూడ్సు బండ్లు నడిపాడు. చక్కెర జబ్బు వచ్చి కంటిచూపు కొంత తగ్గింది. పరీక్షలో ఆ సంగతి తేలాక దూరం బండ్లనుంచి తీసి షంటింగుకు వేశారు. ఆయన క్యాబులోకి ఎక్కి, కుర్చీ మీది దుమ్ము తుడిచి, నా బ్యాటరీ పెట్టె తెరిచి చూశాడు. తర్వాత నా రికార్డు పుస్తకం చదివాడు. మూడుసార్లు నిలబడిపోయిన సంగతి అందులో ఉంది. పుస్తకం మూసి, “నీకూ నాకూ మంచిగనే కుదిరింది” అన్నాడు.

దేవదానానికి ఒక పట్టుదల ఉండేది. నడుస్తున్న డీజిల్‌ను ఆపడు. ఇరవై ఏడేళ్ల వయసులో, అసిస్టెంటుగా ఉన్నప్పుడు, ఒక చిన్న స్టేషన్లో క్రాసింగు కోసం ఆగారట. డీజిల్ పొదుపు చేయమని పైనుంచి ఉత్తరువు ఉంది. ఇతను మోటారు ఆపాడు. అది మళ్లీ అంటుకోలేదు. ఒంటి లైను కావడంతో ఆరు గంటలు ఆ దారిలో ఏ బండీ కదలలేదు. మూడేళ్లు అతని ప్రమోషన్ ఆగింది. ఆనాటినుంచి, “పొయ్యి ఆర్పితే పక్కింటికి నిప్పుకు పోవాలె” అనడం అతనికి అలవాటైంది.

అయినా నా దగ్గరికి వచ్చాక ఆరు రోజులు నియమం ప్రకారమే నడిపాడు. తీగ కిందికి రాగానే పాంటో లేపి డీజిల్ ఆపేవాడు. ఏడో రోజు తీగ దాటాక మోటారు అంటించబోతే నా బ్యాటరీలు మూలిగి ఊరుకున్నాయి. నేను నిలబడింది సరిగ్గా రోడ్డు గేటు మీద. అటూ ఇటూ బస్సులు, ఆటోలు, ఎడ్లబండి ఒకటి. రెండు గంటల పది నిమిషాలు.

“ఏం సార్, ఇంజన్ పండుకున్నదా? దుప్పటి గావాల్నా?” అని ఒక ఆటో మనిషి అడిగాడు.

“గది రెండు తిండ్లు తింటది. కడుపు నిండితే లేస్తదా?” అన్నాడు మొండయ్య. అతను సైడింగు హమాలీల మేస్త్రీ. ఆ రోజునుంచి అక్కడ నా పేరు రెండు తిండ్ల ఇంజను.

ఎనిమిదో రోజునుంచి దేవదానం డీజిల్ ఆపడం మానేశాడు. తీగ కిందికి వచ్చినప్పుడు పాంటో లేపేవాడు. కరెంటు మీదే నన్ను నడిపేవాడు. కానీ లోపల డీజిల్ మోటారును కూడా అతి తక్కువ వేగంలో తిరగనిచ్చేవాడు. పొద్దున ఆరు గంటలకు అంటిస్తే డ్యూటీ దిగేదాకా అది తిరగాల్సిందే. దాన్ని తప్పు అని నేననలేను. అతని అనుమానానికి కారణం నేను. అలా ఐదేళ్లు గడిచాయి. గేటు మీద మళ్లీ ఎన్నడూ నిలబడలేదు. పైవాళ్లు పొగిడారు కూడా.

ఇక్కడ హమాలీల సంగతి చెప్పాలి. బొగ్గు నిండిన వ్యాగన్లమీదికి వాళ్లు ఎక్కి, గుట్టలను పారలతో చదును చేస్తారు. తర్వాత దానిమీద సున్నపు నీళ్లు చల్లుతారు. దారిలో ఎవరైనా బొగ్గు దించుకుంటే తెల్లటి పొర మధ్య నల్లటి గుంట కనబడుతుంది. దొంగను పట్టడానికి కాదు. ఎక్కడ పోయిందో తెలిస్తే, అది మా హద్దులో పోలేదని చెప్పుకోవడానికి.

ఈ పని చేసే మూడో లైనుపైన కూడా సగం దూరం తీగ ఉంది. ఆ తీగ వేరు, యార్డు తీగ వేరు. రెండూ కలిసే చోట కరెంటు దాటకుండా ఒక కోత పెట్టారు. పక్క స్తంభానికున్న స్విచ్ తీసేస్తే మూడో లైను తీగలో కరెంటు ఉండదు. అప్పుడే హమాలీలు పైకి ఎక్కాలి. అయితే పాంటో లేపిన ఇంజను ఏదైనా సరిగ్గా ఆ కోత కింద ఆగితే, దాని చట్రం అటు తీగనూ ఇటు తీగనూ ఒకేసారి తాకుతుంది. చచ్చిన తీగలోకి మళ్లీ కరెంటు పారుతుంది. అందుకే కోతకు ముందు ‘పాంటో దించు’ అని బోర్డు పెట్టారు. నాలాంటిది అక్కడ పాంటో దించి డీజిల్ మీద లోపలికి పోవాలి. ఇవి కాక, తీగను భూమికి కలిపే గడ ఒకటి తగిలించాలని కూడా నియమం ఉంది. ఆ గడ విరిగి రెండేళ్లయింది. కొత్తది కావాలని నాలుగు కాగితాలు పోయాయి. కాగితాలకు జవాబు వచ్చింది, గడ రాలేదు.

హమాలీలకు ఈ కోతలూ చట్రాలూ అక్కర్లేదు. మొండయ్య వాళ్లకు ఒక్క ముక్కలో నేర్పాడు.

“కరెంటు మీద వస్తే చప్పుడుండది. డీజిల్ మీద వస్తే డుగుడుగు అంటది. డుగుడుగు ఇనబడ్డదా, తీగెతోని దానికి పనిలేదన్నట్టు. మీ పని మీరు జేసుకోన్రి. ఇంజన్ బఫర్లు వ్యాగన్లకు తాకేముందు మాత్రం దిగున్రి.”

నియమం ప్రకారం ఇంజను లైనులోకి రాకముందే అందరూ కిందికి దిగాలి. కానీ ఎక్కి దిగడంలో పొద్దుపోతుంది. డుగుడుగు వింటూ పైనే ఉండడం వాళ్లకు అలవాటైంది. అటు దేవదానం డీజిల్ ఆపడు. ఇటు వీళ్లు డీజిల్ చప్పుడును నమ్ముతారు. ఐదేళ్లు ఈ రెండు అలవాట్లూ ఒకదానికొకటి తెలియకుండా ఒకే లైనులో తిరిగాయి. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

స్విచ్ తీసి తాళం వేయడం, బండి లైను మారేలా పట్టాల ముళ్లు మార్చడం, నాకు జెండా చూపడం స్వరూప పని. ఆమె భర్త శ్రీశైలం అదే సైడింగులో పాయింట్స్‌మన్. గుండెపోటుతో పోయాక ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు, అత్త ఆ ఉద్యోగం మీదే బతుకుతున్నారు. మొదటి నెలలో ఇంజను దగ్గరికొస్తే రెండడుగులు వెనక్కి జరిగేది. ఏడాది తిరిగేసరికి, నడుస్తున్న నా మెట్టు మీదికి ఎక్కి నిలబడి, దేవదానంతో మాట్లాడుకుంటూ పోయేది.

అది ఏప్రిల్ నెల. మధ్యాహ్నం రెండు దాటింది. మూడో లైనులో పది వ్యాగన్లు నిండి ఉన్నాయి. వాటిని లాగడానికి నేను యార్డు వైపునుంచి వస్తున్నాను. పాంటో లేచి ఉంది. లోపల డీజిల్ తిరుగుతోంది. స్వరూప పొద్దున తొమ్మిదిన్నరకే స్విచ్ తీసింది. ఆకుపచ్చ జెండా ఊపింది. దేవదానం జెండా వైపు చూస్తున్నాడు. ఎదురెండ. బోర్డు మీద బొగ్గు దుమ్ము పేరుకొని ఉంది. అతను బోర్డు దాటాడు. రోజూ అక్కడ దించే పాంటోను దించలేదు.

అప్పుడు స్వరూపకు రెండో వ్యాగను మీద మనిషి కనిపించాడు. సదయ్య. ముప్పై నాలుగేళ్లవాడు. నడుము వంచి సున్నం చల్లుతున్నాడు. ఆమె ఆకుపచ్చ దించి ఎర్ర జెండా ఎత్తింది. దేవదానం బ్రేకు వేశాడు. నేను ఆగాను. ఆగింది సరిగ్గా కోత కింద.

ఆమె ఎర్ర జెండా ఎత్తకపోతే నేను ఆ కోతను రెండు క్షణాల్లో దాటేసేదాన్ని. అప్పుడు కూడా ఏం జరిగేదో ఎవరూ చెప్పలేరు. సదయ్య అప్పుడే నడుము లేపి, సున్నం చల్లే పొడుగు ఇనుప గొట్టాన్ని భుజం మీదికి ఎత్తుకోబోయాడు. తుపాకి పేలినట్టు శబ్దం. నీలం మంట. దూరాన సబ్‌స్టేషనులో కరెంటు తెగిపోయింది. దేవదానం చెయ్యి దానంతట అదే బటను నొక్కింది. పాంటో దిగింది. జనం పరుగెత్తుకొచ్చి నా పైకప్పు వైపు చూసేసరికి అది మడతపడి ఉంది. డీజిల్ మాత్రం డుగుడుగుమంటూనే ఉంది.

సదయ్య బతికాడు. కుడి చేతిని మోచేతి దాకా తీసేశారు.

తొమ్మిదో రోజున విచారణకు ముగ్గురు అధికారులు వచ్చారు. ఆఫీసులో ఉక్క భరించలేక, కుర్చీలు తెచ్చి నా నీడలో వేయించుకున్నారు. అందువల్ల అంతా నా ముందే జరిగింది.

“పాంటో ఎక్కడ దించారండీ?” అని పెద్ద అధికారి అడిగాడు. గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన.

“బోర్డు కాడనే సార్” అన్నాడు దేవదానం.

“లోపలికి డీజిల్ మీదే వచ్చారా?”

“డీజిల్ మీదనే సార్. అందరిన్నరు.”

మొండయ్యను పిలిచారు. అతను అబద్ధం ఆడలేదు. “ఇన్నం సార్. డుగుడుగు ఇన్నంకనే మావోడు పైన నిమ్మలంగ ఉన్నడు” అన్నాడు.

పెద్ద అధికారి కాగితం మీద రాసుకొని స్వరూప వైపు తిరిగాడు. “ఇంజను డీజిల్ మీద వచ్చింది. పాంటో దిగి ఉంది. మరి తీగలోకి కరెంటు ఎట్లా వచ్చిందమ్మా? స్విచ్ తీశావా?”

“తీసిన సార్. తొమ్మిదిన్నరకు తీసిన. తాళమేసిన. తాళంచెవి నా మెడలనే ఉన్నది.”

“ప్రమాదం జరిగాక తీశావేమో. భయపడి.”

“లేదు సార్. పేలినంక మీదికి చూసిన. పాంటో అప్పుడు దిగుతున్నది.”

“పొగలో, మంటలో, అంత దూరంనుంచి చూశావా?”

ఆమె దేవదానం వైపు చూసింది. దేవదానం నా చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

మూడో అధికారి వయసులో చిన్న. నాలోని రికార్డు పెట్టెనుంచి అక్షరాలు తన లాప్‌టాప్‌లోకి దించుకున్నాడు. నేను ఏ క్షణంలో ఏం చేశానో అందులో ఉంటుంది. అతను రెండుసార్లు చదివి తల గోక్కున్నాడు.

“సార్, ఇందులో డీజిల్ తిరుగుతున్నట్టు ఉంది. పాంటో లేచినట్టూ ఉంది.”

“రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయయ్యా?”

“అదే సార్. సెన్సారు పాడైనట్టుంది. వెనక్కి చూస్తే ఐదేళ్లుగా ఇలాగే చూపిస్తోంది. షెడ్డువాళ్లు కూడా లోపం అని రాశారు.”

“అయితే దాన్ని పక్కన పెట్టు.”

ఐదేళ్లు ప్రతి క్షణం నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. అది లోపంగా నమోదైంది. నాకు కోపం రాలేదు. అలసిపోయిన యంత్రానికి కోపం ఎక్కడిది? పెట్టె మూసేశారు. ముగ్గురూ మజ్జిగ తాగి, వారం తర్వాత ఇంజనును నడిపించి చూస్తామని చెప్పి పోయారు. స్వరూపను డ్యూటీ నుంచి తప్పించారు.

మర్నాడు ఆమె వచ్చింది. యూనిఫాం లేదు. మూడు మెట్లెక్కి క్యాబు తలుపు దగ్గర ఆగింది. దేవదానం పాత గుడ్డతో హ్యాండిల్ తుడుస్తున్నాడు.

“డ్రైవర్ సాబ్, ఒక్క మాట.”

“చెప్పు బిడ్డా.”

“నేను స్విచ్ తీసిన్నా, తియ్యలేదా?”

“నాకేమెరుక? నేను లోపలుంటి.”

“మీకెరుకే.”

అతను తుడిచిన హ్యాండిలే మళ్లీ తుడిచాడు. “నాలుగు నెల్లున్నది నాకు. ముప్పై అయిదేండ్ల సర్వీసు. ఈ బొగ్గుల నుంచి మచ్చ లేకుంట పోదామనుకున్న. గంతే.”

“మచ్చ ఊకె పోతదా సాబ్? మీకొద్దంటే ఇంకొకల మీద పడాలె. నా మీద పడ్డది. కొలువు పోతది, పోనీ. కైకిలో కూలో జేసుకుంట. గని నిన్న దవాఖానకు పోయిన. సదయ్య నన్ను జూసి మొఖం అటు తిప్పుకున్నడు. ఆయన పెండ్లాం ఏమన్నదో ఎరుకేనా? ‘ఒక్క స్విచ్ తియ్యనీకి నీకు చేతులు రాలేదా? మావోనికి ఇప్పుడు చెయ్యే లేదు’ అన్నది. నేనేం జెప్పాలె?”

అతను గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

“బతిలాడనీకి రాలే. అడుగుదామని వచ్చిన. అడిగిన” అని ఆమె దిగిపోయింది.

ఆ వారం అతను నాతో కూడా మాట్లాడలేదు. మామూలుగా పొద్దున అంటించేటప్పుడు “లే, తాతా” అనేవాడు. నాకన్నా అతనే పెద్ద. అయినా అలా అనేవాడు. ఆ వారం అనలేదు. మధ్యాహ్నం సద్ది విప్పి, సగం తిని, మిగిలింది పట్టాల పక్క కుక్కలకు వేసేవాడు. ఒకసారి, ఎవరూ లేనప్పుడు, తీగ కింద నన్ను ఆపి డీజిల్ ఆపే ఎర్ర బటను నొక్కాడు. ఐదేళ్లలో తీగ కింద ఆ బటను నొక్కడం అదే మొదలు. యార్డు నిశ్శబ్దమైంది. ఒక నిమిషం ఆగి మళ్లీ అంటించాడు. నా బ్యాటరీలు ఆ రోజు సహకరించాయి. పరీక్ష రోజు ఎలా చేయాలో నేర్చుకుంటున్నాడని నాకు అర్థమైంది.

పరీక్ష రోజున ముగ్గురు అధికారులూ క్యాబులోకి ఎక్కారు. నాలుగో మనిషికి చోటు లేదు. మొండయ్య, ఇంకో ఐదారుగురు హమాలీలు పట్టాల పక్కన నిలబడ్డారు. స్వరూప, పరీక్ష కోసం తాళంచెవి మళ్లీ మెడలో వేసుకొని, స్విచ్ స్తంభం దగ్గర ఒక్కతే.

“మీరు రోజూ ఎట్లా చేస్తారో అట్లాగే చేయండి దేవదానం గారూ. మేం మధ్యలో మాట్లాడం” అన్నాడు పెద్ద అధికారి.

దేవదానం డీజిల్ మీద నన్ను తీగ కిందికి తెచ్చాడు. ఆపాడు. పాంటో బటను నొక్కాడు. చట్రం లేచి తీగను తాకింది. మీటరు ముల్లు కదిలింది. ఇక నియమం ప్రకారం చేయాల్సింది ఒక్కటే. కుడి చెయ్యి ఎర్ర బటను దగ్గరికి పోయింది. చూపుడువేలు దానిమీద ఆనింది. నొక్కితే చాలు. డీజిల్ ఆగుతుంది. అధికారి కాగితం మీద ఒక గీత గీస్తాడు. స్వరూప ఇంటికి పోతుంది. నాలుగు నెలల తర్వాత ఇతని మెడలో దండ పడుతుంది.

వేలు ఆ బటను మీద పదకొండు సెకన్లు ఉంది. రికార్డు పెట్టెలో అలాంటి లెక్క ఉండదు. ఇది నేను చెబుతున్నది.

తర్వాత అతను వేలు తీసేశాడు. హ్యాండిల్ పట్టుకొని నన్ను కదిలించాడు. నెత్తిన తీగ, కడుపులో డుగుడుగు. నలభై మీటర్లు పోయాం.

“దేవదానం గారూ, డీజిల్ ఆపలేదు” అన్నాడు పెద్ద అధికారి.

“ఆపను సార్. ఎన్నడాపలే.”

“పాంటో లేచి ఉంది కదా?”

“లేచే ఉంటది. రెండూ ఉంటయ్. ఆ రోజు గూడ ఉండె. బోర్డు కాడ దించలే సార్. పేలినంక దించిన.”

పెద్ద అధికారి అతని వైపు తిరిగాడు.

“మరి మొన్న చెప్పింది?”

“అబద్ధం సార్. ఆ పిల్ల స్విచ్ తీసింది.”

చిన్న అధికారి లాప్‌టాప్ వైపు చూశాడు. “అంటే సెన్సారు...”

“దానికేం రోగం లేదు సార్. మంచిగనే జెప్పింది” అన్నాడు దేవదానం. తర్వాత నన్ను ఆపి, బ్రేకు బిగించి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

అలవాటు కొద్దీ చెయ్యి బటను నొక్కడం మరిచిపోయిందని, దొరికిపోయాక ఇక దారిలేక ఒప్పుకున్నాడని యార్డులో కొందరు అన్నారు. ఇప్పటికీ అంటారు. మరిచిపోయిన వేలు బటను మీద పదకొండు సెకన్లు ఆగదు. ఈ మాట చెప్పడానికి నన్ను ఎవరూ పిలవలేదు.

పెద్ద అధికారి దిగిపోతూ స్వరూప దగ్గర ఆగాడు. ఏదో అన్నాడు. ఆమె తల ఊపింది. సంతోషపడినట్టు కనిపించలేదు. మెడలోని తాళంచెవిని గుప్పిట్లో పట్టుకొని అలాగే నిలబడింది. మొండయ్య వచ్చి, “చెల్లే, దవాఖానకు నేనే పోయి చెప్తా. సదయ్యకు, వాని పెండ్లానికి ఇద్దరికీ చెప్తా” అన్నాడు.

“వద్దన్నా. డ్రైవర్ సాబే పోతనన్నడంట” అంది ఆమె.

ఆ సాయంత్రం దేవదానం దవాఖానకు పోయాడట. అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. నేను పట్టాలు ఉన్నంత దూరమే పోగలను.

అతన్ని సస్పెండ్ చేశారు. ఆ కాగితం మీదే నాలుగు నెలలూ గడిచాయి, ఆ కాగితం మీదే రిటైరయ్యాడు. ఆఖరి రోజున డ్రైవరు ఇంజనుకు పూలదండలు కట్టి, తోటివాళ్లు బాజాతో ఇంటిదాకా తీసుకుపోవడం మా దగ్గర ఆనవాయితీ. అది జరగలేదు. ఆకుపచ్చ జెండా చూపేముందు మనుషులను దించనందుకు స్వరూపకు హెచ్చరిక ఇచ్చి ఉద్యోగం ఉంచారు. ఆ తప్పు ఆమెదే. ఆమె కూడా కాదనలేదు.

నా సంగతి పైవాళ్లు ఏడు నెలలు ఆలోచించారు. ఒక ఇంజనుకు రెండు తిండ్లు ఉండడమే ప్రమాదానికి మూలమని తేల్చారు. క్రేను తెచ్చి పాంటోను విప్పి ఒక లారీలో తీసుకుపోయారు. విరిగిన గడ బదులు కొత్త గడ కూడా ఆ లారీలోనే వచ్చింది. ఇప్పుడు నేను తీగ కిందా డీజిల్ మీదే తిరుగుతున్నాను. డీజిల్ ఎందుకింత ఎక్కువ తాగుతోందని అడుగుతూ మొన్న పైనుంచి ఒక కాగితం వచ్చింది. దానికి జవాబు రాసే బదులు నన్ను తుక్కు జాబితాలో చేర్చారు. మార్చిలోగా పోతానంటున్నారు. పోయిన మార్చి కూడా అన్నారు.

సదయ్య ఎనిమిది నెలలకు తిరిగి వచ్చాడు. పార పట్టలేడు. హమాలీల ముఠా కూర్చొని మాట్లాడుకొని, అతన్ని లెక్కలోంచి తీయకూడదని, అతనికి ఒక పని చెప్పాలని తీర్మానించింది. ఇక చప్పుడును నమ్మేది లేదు. నేను మూడో లైనులోకి రాకముందే సదయ్య నా పైకప్పును కళ్లారా చూసి చెప్పాలి. అతను చెప్పాకే మిగతావాళ్లు వ్యాగను ఎక్కాలి. వాళ్లు అలా అనుకునే నాటికే నా పాంటో పోయి పది రోజులైంది. ఆ సంగతి అందరికీ తెలుసు.

అతను రోజూ వస్తాడు. బోర్డు దగ్గర నేను ఆగుతాను. ఎడమ చేత్తో నిచ్చెన పట్టుకొని నాలుగు మెట్లెక్కుతాడు. నా పైకప్పు మీద ఇప్పుడు నాలుగు బోల్టుల రంధ్రాలు, ఒక తుప్పు మరక, వాన పడితే కాసిన్ని నీళ్లు ఉంటాయి. ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూస్తాడు. తొందరపడడు.

పోయిన వారం ముఠాలో కొత్తగా చేరిన ఒకతను కిందనుంచి అడిగాడు. “లేనిదాన్ని ఏం జూస్తున్నవే అంతసేపు?”

“లేదని జూస్తున్న” అన్నాడు సదయ్య.

తర్వాత లైను వైపు తిరిగి, “లేదు!” అని అరిచాడు. సున్నం గొట్టాలు పట్టుకొని వాళ్లు ఒక్కొక్కరే ఎక్కడం మొదలుపెట్టారు.